చిలక్కో కొమ్మ, కొమ్మకో పండు

ముదురు చీకటి రంగు నేపథ్యం మీద తెల్లటి కాకతువా ఒకటి కొమ్మ పట్టుకుని కూర్చుంది. పక్కనే దానిమ్మ పగిలి ఎర్రటి గింజలు కనిపిస్తున్నాయి. 1927లో ఒహారా కోసన్ గీస్తే, టోక్యోలో వతనబె షోజబురో చెక్క మీద చెక్కించి, అచ్చు వేయించి అమ్మిన బొమ్మ ఇది. చూసినవాళ్ళెవరైనా ముందు అనే మాట, అచ్చంగా జపాన్ బొమ్మ అని. నిజమే, చూడగానే అలాగే అనిపిస్తుంది. తీరా ఆలోచిస్తే ఆ కాగితం మీద జపాన్‌లో పుట్టింది ఒక్కటీ లేదు. కాకతువా పుట్టిల్లు మొలక్కస్ దీవులు, సులవేసి, న్యూగినీ, ఆస్ట్రేలియా వైపు. దానిమ్మ పుట్టిల్లు ఇరాన్ ప్రాంతం, జపాన్‌కి చైనా మీదుగా వచ్చింది. కాకతువాలు తిరిగే అడవుల్లో దానిమ్మ చెట్టు లేదు, దానిమ్మ పుట్టిన కొండల్లో కాకతువా లేదు. ఈ రెండిటికీ పరిచయం కావాలంటే మూడో దేశం ఒకటి కావాలి, అక్కడ ఒక చెక్కపలక కూడా కావాలి.

పిట్ట బొమ్మ కనిపిస్తే ఎవరైనా కన్ను చూస్తారు, ఈకలు చూస్తారు. నేను కాళ్ళు చూస్తాను. చిలక జాతికి రెండు వేళ్ళు ముందుకీ రెండు వెనక్కీ ఉంటాయి. కొమ్మని పట్టుకోవడం చేత్తో కర్ర పట్టుకున్నట్టే ఉంటుంది. ఆ పట్టు కుదిరిందా లేదా అన్నది చిత్రకారుడి చేతికి పరీక్ష. నేను వెతికేది మాత్రం గొలుసు. ఓడెక్కి సముద్రం దాటి వచ్చిన చిలక్కి కాలికి గొలుసైనా ఉండాలి, చుట్టూ పంజరమైనా ఉండాలి. లేకపోతే అది జపాన్ దాకా వచ్చేదే కాదు. అయినా ఈ అచ్చు బొమ్మల్లో చాలావాటిలో గొలుసు కనిపించదు. దారిలో ఎక్కడో ఎవరో విప్పేశారు.

దారి చాలా పొడుగు. జపాన్ ప్రాచీన చరిత్ర గ్రంథం నిహోన్ షోకిలో, 598లో కొరియాలోని సిల్లా రాజ్యం నుంచి ఒక నెమలి కానుకగా వచ్చిందని ఉంది. 647లో మళ్ళీ ఒక నెమలీ ఒక చిలకా వచ్చాయి. వెయ్యేళ్ళ తర్వాత ఆ కానుక సరుకైంది. 1641 నుంచి డచ్చివాళ్ళని నాగసాకి రేవులో దెజిమా అనే చిన్న కృత్రిమ దీవిలో కట్టడి చేసి పెట్టారు. వేసవి గాలులతో బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి వాళ్ళ ఓడలు వచ్చేవి, చైనా ఓడలు వేరేగా వచ్చేవి. చక్కెర, పట్టు, సుగంధ ద్రవ్యాలతోపాటు పంజరాలూ దిగేవి. మన మచిలీపట్నం, పాలకొల్లు, భీమిలిలో కోఠీలు పెట్టింది కూడా ఈ డచ్చి ఈస్టిండియా కంపెనీయే. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు ఆ కంపెనీ ఓడల్లోనే నాగసాకి చేరాయి. జపాన్‌వాళ్ళు వాటి ముక్కల్ని కూడా పారేయకుండా టీ గిన్నెలకి సంచులు కుట్టుకున్నారు. గుడ్డ ఎటూ వెళ్ళినచోట ఒదిగిపోతుంది. పిట్టకి తిండి పెట్టాలి, చలి తగలకుండా చూడాలి, ఏం తింటుందో అడుగుదామంటే చెప్పగలిగిన మనిషి కూడా ఉండడు.

నాగసాకిలో ఒక పద్ధతి ఉండేది, నాకు భలే ఇష్టం. ఓడలోంచి పిట్ట దిగగానే, విదేశీ బొమ్మల్ని పరీక్షించే ప్రభుత్వ చిత్రకారులు దాన్ని ఉన్నదున్నట్టు రంగుల్లో గీసేవారు. ఆ బొమ్మ వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి ఎదో నగరానికి (ఇప్పటి టోక్యో), దేశాన్ని ఏలే షోగన్ కొలువుకి వెళ్ళేది. అక్కడ చూసి ఇది కావాలి, ఇది అక్కర్లేదు అని తేల్చేవాళ్ళు. ఆ మాట నాగసాకికి తిరిగొచ్చాకే పిట్ట కదిలేది. అంటే రాజధానిలో పిట్ట కంటే ముందు దాని బొమ్మ అడుగుపెట్టేది. పెళ్ళిచూపులకి ముందు ఫొటో పంపినట్టన్నమాట. ఆ బొమ్మల్లో పూలూ కొమ్మలూ పెద్దగా ఉండవు. ముక్కు ఇలా ఉంది, తోక ఇంత ఉంది, ఇక మీ ఇష్టం అన్నట్టుంటాయి.

షోగన్‌కి అక్కర్లేని పిట్టలు వర్తకుల చేతికి పోయేవి. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి ఒసాకాలో, ఎదోలో నెమళ్ళనీ చిలకల్నీ పెట్టుకుని నడిపే టీ దుకాణాలు వెలిశాయి. టీకి డబ్బిస్తే పిట్టల్ని చూడొచ్చు. 1821లో డచ్చివాళ్ళు ఒంటెల జంటని దింపితే వాటిని ఊరూరా తిప్పి చూపించారు, 1824లో కునియాసు అనే చిత్రకారుడు వాటిని అచ్చు బొమ్మగా వేశాడు. కాకతువాని కొనాలంటే ప్రభువో, బాగా కలిగిన వర్తకుడో అయ్యుండాలి. కాకతువా బొమ్మ కొనడానికి ఒక గిన్నె సోబా నూడుల్స్ తినే డబ్బులు, కాస్త అటూ ఇటూగా, సరిపోయేవి. గొలుసు విప్పినవాళ్ళు ఈ కొనుగోలుదార్లేనని నా అనుమానం. టీ దుకాణంలో కాలికి గొలుసుతో ఉన్న పిట్టని చూసి ఇంటికొచ్చినవాడు, గోడకి అంటించుకోవడానికి మళ్ళీ ఆ గొలుసునే కొనుక్కుంటాడా?

గొలుసు తీశాక పిట్టని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇక్కడే చిత్రకారుడికి చిక్కొచ్చింది. మనకి కోయిల అనగానే మావిచిగురు, చకోరం అనగానే వెన్నెల ఎలాగో, జపాన్‌లో వెదురుకి పిచ్చుక, ప్లమ్ పూలకి ఉగుయిసు పిట్ట, పైన్ చెట్టుకి కొంగ అలాగ. పిట్టలూ పూలూ కలిపి గీసే బొమ్మలకి కచో-గా అని పేరు. ఆ జతలు కవిత్వంలో వందల ఏళ్ళ కిందటే కుదిరిపోయాయి. జత చూడగానే అది ఏ రుతువో తెలిసిపోతుంది. ఓడ దిగిన చిలక్కి కవిత్వంలో చుట్టాలు లేరు. దానికి రుతువు లేదు, చెట్టు లేదు. అది వచ్చిన అడవి చెట్లు ఎలా ఉంటాయో చూసినవాడు జపాన్‌లో ఎవడూ లేడు.

ఇతో జకుచూ ఈ చిక్కుని వింతగా పరిష్కరించాడు. క్యోటో నిషికి బజారులో హోల్‌సేల్ కూరగాయల వ్యాపారి కొడుకు. నలభై ఏళ్ళు రాగానే దుకాణం తమ్ముడికి అప్పగించి బొమ్మల్లో పడ్డాడు. పెరట్లో కోళ్ళని పెంచి వాటినే చూస్తూ గీసేవాడు. కాయగూరలన్నీ ఏడుస్తూ చుట్టూ నిలబడగా, నడుమ ముల్లంగి బుద్ధుడిలా పవళించి నిర్వాణం పొందుతున్నట్టు బొమ్మ వేసిన మహానుభావుడు. ఈయన 1771లో ఆరు పిట్టల అచ్చు బొమ్మలు చేశాడు. ఆరింటిలో నాలుగు చిలక జాతివే. కాకతువాని అలంకారాలు చేసిన అడ్డకర్ర మీద కూర్చోబెట్టి ఆయన వేసిన రంగుల చిత్రాలున్నాయి, కాబట్టి పిట్ట ఏ స్థితిలో ఉందో ఆయనకి తెలియక కాదు. ఆరు అచ్చు బొమ్మల్లోనూ నేపథ్యం మాత్రం కటిక నలుపు. ఆకాశం లేదు, నేల లేదు, రుతువు అంతంతమాత్రం. గులాబీ ఉంటుంది, ఆకులు ఉంటాయి, వాటి వెనక ఏ దేశమూ ఉండదు. పిట్ట ఎక్కడిదో తెలియనప్పుడు ఎక్కడా లేనట్టే చూపించడం నిజాయితీ అనిపిస్తుంది నాకు. ఆ ఏడాదే నిషికి బజారు మూతపడే ప్రమాదం వచ్చింది. పోటీ బజారువాళ్ళతో మూడేళ్ళు వ్యవహారం నడిపి దాన్ని నిలబెట్టినవాళ్ళలో జకుచూ ఒకడు. ఒక చేత్తో దొండకాయల గొడవా, ఇంకో చేత్తో సముద్రాల అవతలి చిలకలూ. (దొండకాయలు నా కల్పన, అక్కడ ముల్లంగులే అయ్యుంటాయి.)

1790 ప్రాంతంలో కితావో మసాయోషి ఏకంగా ఓడల మీద వచ్చిన పిట్టల బొమ్మలతో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. చూడ్డానికి బాగుంటుంది గానీ, నన్ను ఆపేసేది 1830ల నాటి హిరోషిగే. ఊళ్ళూ దారులూ వానలూ గీసిన హిరోషిగేగా అందరికీ తెలుసు. పిట్టల బొమ్మలు కూడా వందలకొద్దీ చేశాడు. నిలువుగా, జానెడు వెడల్పు లేని, మూరెడు ఎత్తు లేని కాగితాలు. ఒకదాంట్లో చిలకని తీసుకెళ్ళి పైన్ కొమ్మ మీద కూర్చోబెట్టాడు. పైన్ అంటే కొంగ కూర్చునే చోటు, దీర్ఘాయువుకి గుర్తు, కొత్త సంవత్సరం గుమ్మానికి కట్టే కొమ్మ. అతిథికి అరుగు మీద కాకుండా ఇంటి పెద్ద కూర్చునే చోట పీట వేయడం లాంటి పని అది. చిలక ఏమాత్రం మొహమాటపడకుండా తల వంచి చూస్తూ ఉంటుంది.

ఆ చిలకల రంగు దగ్గర కాస్త ఆగాలి. చెక్క అచ్చులో ఆకుపచ్చ అంటే పసుపు, నీలం కలయిక. పసుపు చాలావరకు హరిదళం, అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. నీలానికి పాతరోజుల్లో నీలిమందో, నీటి చుక్క తగిలినా చెదిరిపోయే ఒక పువ్వు రసమో వాడేవాళ్ళు. పువ్వు నీలం ఎండ తగిలితే వెలిసిపోతుంది. 1830 ప్రాంతంలో ప్రష్యన్ బ్లూ చవగ్గా దొరకడం మొదలైంది. బెర్లిన్‌లో పుట్టిన ఈ రసాయన నీలం జపాన్‌కి వచ్చింది నాగసాకి రేవులోనే, చైనా ఓడల్లోనూ డచ్చి ఓడల్లోనూ. అంటే చిలక దిగిన మెట్ల మీదే దాని రంగు కూడా దిగింది. చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల బొమ్మలోని నీలం గురించి అందరూ చెబుతారు. పిట్టల రెక్కల్లో అదే నీలం ఏం చేసిందో చెప్పేవాళ్ళు తక్కువ. తడి బ్రష్షుతో పలక మీదే రంగుని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పలచన చేసుకుంటూ పోతే, కాగితం మీద వెన్ను దగ్గర ముదురుగా ఉన్న రెక్క అంచు దగ్గరికొచ్చేసరికి గాలిలో కలిసిపోతుంది. ఈ పని చిత్రకారుడిది కాదు, అచ్చువేసే పనివాడిది. అతని పేరు చాలా బొమ్మల మీద ఉండదు.

హొకుసాయ్ కూడా 1834 ప్రాంతంలో పూలూ పిట్టలూ వేశాడు. పియోనీ పూల దగ్గర కేనరీ, మాగ్నోలియా కొమ్మ దగ్గర జావా పిచ్చుక. కేనరీ అట్లాంటిక్ దీవుల పిట్ట, యూరప్ మీదుగా వచ్చింది. జావా పిచ్చుక సంగతి మరీ విచిత్రం. అది జపాన్ ఇళ్ళలో ఎంత కలిసిపోయిందంటే, ఐచీ ప్రాంతంలోని యతోమి అనే ఊరు ఆ పిచ్చుకల పెంపకానికే పేరు తెచ్చుకుంది. ఒంటి నిండా తెలుపున్న రకం అక్కడిదే. సొంత ఊరైన జావాలో మాత్రం వలలు వేసి పట్టీ పట్టీ ఇవాళ అంతరించే జాబితాలోకి తెచ్చారు. జపాన్ రచయిత నత్సుమె సోసెకి 1908లో ఈ పిచ్చుక పేరే పెట్టి ఒక చిన్న రచన చేశాడు. శిష్యుడి పోరు పడలేక పిట్టని కొంటాడు, దాని అందం చూసి మురిసిపోతాడు, రాతపనిలో పడి గింజలు వేయడం మరుస్తాడు. ఒకరోజు చూస్తే పంజరంలో చచ్చిపడి ఉంటుంది. ఆయన కోపమంతా పనిపిల్ల మీద. హొకుసాయ్ పిచ్చుకా సోసెకి పిచ్చుకా ఒక్క జాతివే. రెండోదాని సంగతి చదివాక మొదటిదాన్ని చూడటం కష్టం. ఎవరో గొలుసు విప్పారని సంతోషించాలో, అచ్చు బొమ్మ ఉన్న గొలుసునే దాచేసిందని అనాలో తేల్చుకోలేం. చిలకని పంజరంలో పెట్టినందుకే రామదాసుకి పన్నెండేళ్ళు గోల్కొండ చెర అని కథ చెప్పుకునే మనకి ఈ ఇరకాటం కొంచెం ఎక్కువే తెలుసు. అయినా చిలక జోస్యం చెప్పించుకోవడం మనం మానామా?

ఇక పండు. మన కావ్యాల్లో చిలకా పండూ ఎప్పుడూ జంటే. కాకపోతే పండు ఒట్టి సాకు, నాయిక పెదవిని దొండపండు అనుకుని చిలక పొడవబోవాలి, నాయకుడు అడ్డుపడాలి. కోసన్ బొమ్మలో నాయిక లేదు, పండు పండే. పగిలిన దానిమ్మకి మాత్రం అక్కడ వెనక ఒక కథ ఉంది, దాని వేళ్ళు మన వైపే ఉన్నాయి. పిల్లల్ని ఎత్తుకుపోయి తినే హారీతిని బుద్ధుడు దారిలో పెట్టాక ఆమె పిల్లల్ని కాపాడే తల్లి అయింది. నాగార్జునకొండ తవ్వకాల్లో ఆమె గుడి బయటపడింది. జపాన్‌లో ఆమెకి కిషిమోజిన్ అని పేరు, చేతిలో దానిమ్మ. పిల్లల బదులు దీన్ని తినమని బుద్ధుడే ఇచ్చాడని జనం చెప్పుకుంటారు. టోక్యోలోని జోషిగయా గుడిలో మొక్కుకుని కట్టే చెక్కబిళ్ళల మీద ఇప్పటికీ దానిమ్మ బొమ్మే ఉంటుంది. ఇదంతా మనసులో పెట్టుకుని కోసన్ గీశాడని నేననను. ఆ పండు అక్కడివాళ్ళ ఇళ్ళలో ఎంత పాతుకుపోయిందో చెబుతున్నాను, అంతే. వెయ్యేళ్ళకి పైగా అక్కడున్న పరదేశి చెట్టు, నిన్నగాక మొన్న వచ్చిన పరదేశి పిట్టకి అన్నం పెడుతోంది.

కోసన్ కాకతువాని కంప్యూటర్ తెర మీద చూస్తే సగమే చూసినట్టు. తెల్ల పిట్టకి తెల్ల రంగు వేయనక్కర్లేదు, కాగితం తెలుపే దాని తెలుపు. మరి ఈకలు కనపడేదెలా? పలక మీద ఈకల గీతలు చెక్కి, రంగు పూయకుండా, తడి కాగితాన్ని పరిచి గట్టిగా నొక్కుతారు. వెదురు పొర చుట్టిన గుండ్రటి రుద్దుడు బిళ్ళ చాలకపోతే మోచేత్తో నొక్కేవాళ్ళు కూడా ఉన్నారు. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితం కనుక చిరగదు, నొక్కినచోట లొంగి అలాగే ఉండిపోతుంది. తిన్నగా చూస్తే ఒట్టి తెలుపు. కిటికీ పక్కకి తీసుకెళ్ళి వెలుగు ఓరగా పడనిస్తే రొమ్ము మీద ఈక మీద ఈక లేచి నిలబడుతుంది. రంగు లేకుండా ఒట్టి నీడతో వేసిన పిట్ట అది. మ్యూజియంవాళ్ళు ఎంత పెద్ద కెమెరా పెట్టి ఫొటో తీసినా ఈ సంగతి చదును అయిపోతుంది.

వతనబె షోజబురో దుకాణం 1923 సెప్టెంబరు 1 నాటి భూకంపంలో పలకలతో సహా తగలబడింది. మళ్ళీ మొదలుపెట్టి 1926 నుంచి కోసన్‌తో (ఆయన అప్పటికి షోసన్ అని సంతకం మార్చాడు) వరసగా పిట్టలు వేయించాడు. కొన్నది ఎక్కువగా అమెరికావాళ్ళు. 1930లో ఒహాయోలోని టొలెడో మ్యూజియంలో పెట్టిన కొత్త జపాన్ అచ్చుల ప్రదర్శనలో ఆయన బొమ్మలున్నాయి. హిరోషిగే పిట్టలదీ అదే దారి. ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ పోగు చేసిన దాదాపు 700 జపాన్ పిట్టల బొమ్మలు 1934లో రోడ్ ఐలండ్‌లోని ఒక మ్యూజియంకి చేరాయి. సొంత దేశంలో కోసన్‌ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పైదేశపు పిట్టని ఇంటి కొమ్మ మీద కూర్చోబెట్టినవాడు తను మాత్రం పైదేశపు గోడల మీద బతికాడు. అమెరికావాళ్ళకి ఆ దానిమ్మా కాకతువా రెండూ జపాన్‌వే. కొన్నవాళ్ళని తప్పుపట్టలేం. కొమ్మ అంత బాగా కుదిరింది మరి.

బొమ్మలో కాకుండా నిజంగానే గొలుసు తెగితే ఏమవుతుందో ఇప్పుడు టోక్యోలో చూడొచ్చు. 1960ల్లో జపాన్‌లో పిట్టల్ని పెంచే మోజు పెరిగింది. అప్పుడు దిగుమతైనవాటిలో మన రామచిలకలు కూడా ఉన్నాయి. మెడలో గులాబీ హారం ఉండే రకం, అందులోనూ దక్షిణ భారతం, శ్రీలంక జాతి. మన ఊరి రావిచెట్టు మీద, గుడి గోపురం కన్నాల్లో ఉండే చిలకే. కొన్ని తప్పించుకున్నాయి, కొన్నిటిని యజమానులే వదిలేశారు. చలికి చచ్చిపోతాయనుకుంటే పిల్లల్ని పెట్టాయి. వందలకొద్దీ గుంపు ఏళ్ళతరబడి టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆవరణలోని చెట్ల మీద రాత్రి బస చేసింది. వసంతం రాగానే చెర్రీ చెట్ల మీద వాలి, తేనె కోసం పూలని తొడిమ దగ్గర కొరికి కింద పారేస్తాయి. కవిత్వంలో చెర్రీ పూలకి ఎప్పుడో కుదిరిన జతలున్నాయి, ఎవరూ అడగకుండానే మన చిలకలు ఆ కొమ్మ ఎక్కి కూర్చున్నాయి. చెర్రీ కొమ్మా పచ్చటి చిలకా ఉన్న బొమ్మ కాగితం మీదయితే జనం ఎగబడి కొనేవాళ్ళు. అక్కడ కింద కాపురం ఉండేవాళ్ళు మాత్రం సాయంత్రమయ్యేసరికి చెవులు చిల్లులు పడేలా అరుస్తాయనీ, కింద నడవాలంటే రెట్టల భయమనీ ఫిర్యాదు చేస్తూ వచ్చారు.